ఇసుక ఎంత లోతుందని ముందుగా అడిగే చేపల దుకాణం

విశాఖపట్నంలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవారికి రాస్ (wrasse) అనే రంగురంగుల పగడపు దిబ్బల చేపల మీద మనసు పడడం ఎంత సులభమో, వాటిలో ఏది దేనితో పొసగుతుందో చెప్పగలిగిన మనిషి దొరకడం అంత కష్టం. ఎంవీపీ కాలనీలో ఒక ఇంటి మేడ మీద, రెండు గదుల్లో సముద్రపు చేపలు అమ్మే ఒకాయన దగ్గర నేను పద్నాలుగు నెలలుగా చేపలు కొంటున్నాను. ఆ ఇంటికి బోర్డు లేదు. నెలకు ఒకటి రెండు పెట్టెలకు మించి తెప్పించలేనని, పేరు బయటపెడితే వచ్చేవారందరికీ సమాధానం చెప్పుకోలేనని ఆయన కోరడం వల్ల ఇక్కడ పేరు రాయడం లేదు. ఊళ్లో ఈ అభిరుచి ఉన్నవారిలో ఎవరిని అడిగినా దారి చెబుతారు. ఇప్పటివరకు ఆయన వద్ద ఆరు రాస్‌లు కొన్నాను. ఐదు బతికి ఉన్నాయి, ఒకటి పోయింది. ఆ ఆరింటి ఆధారంగానే ఈ సమీక్ష రాస్తున్నాను.

అంతకు ముందు సంగతి కొంత చెప్పాలి. నా తొట్టి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అందులో సుమారు 450 లీటర్ల నీరు పడుతుంది. తొట్టిలో పెట్టిన తొలి రాస్‌ను మరొక చోట కొన్నాను. అది సిక్స్‌లైన్ రాస్. నారింజ, ఊదా రంగుల గీతలు ఒకదాని పక్కన ఒకటి పరిచినట్టుండి, తోక దగ్గర పచ్చదనం తేలే ఆ చేప బొటనవేలంత ఉన్నప్పుడు ఎవరినైనా ఆకట్టుకుంటుంది. అమ్మినవారు దానిని సాధువైన చేప అన్నారు, నేను నమ్మాను. మూడు నెలల పాటు అది నిజంగానే సాధువుగా ఉంది, ఎందుకంటే తొట్టిలో దానికి పోటీ వచ్చే చేప ఏదీ లేదు. ఆ తరువాత అదే చోట ఫ్లాషర్ రాస్ అనే మరో మెతక రకాన్ని ఒకటి కొని తెచ్చి వదిలాను. సిక్స్‌లైన్ దానిని రాతి సందుల్లోంచి బయటికి రానివ్వలేదు, మేత దగ్గరికి చేరనివ్వలేదు. నాలుగో రోజు ఉదయం ఆ ఫ్లాషర్ తొట్టి వెనుక నేల మీద, గోడవారగా, బల్లి పిల్లంత ఎండిపోయి కనిపించింది. తొట్టికి మూత లేదు. మూత ఉందా అని అమ్మినవారు అడగలేదు, ఉండాలని నాకూ తెలియదు.

ఎంవీపీ కాలనీకి మొదటిసారి వెళ్లి ఒక ఫ్లాషర్ కావాలని అడిగినప్పుడు ఆయన చేపల గదిలోకి రానివ్వకుండానే, "మీ తొట్టిలో ఇసుక ఎంత లోతుంది మేడం?" అని అడిగారు. ఇంచుమించుగా చెప్పబోతే ఒప్పుకోలేదు. స్కేలు అద్దానికి ఆనించి ఫొటో తీసి పంపమన్నారు. దానితోపాటు మూత ఫొటో, ఇప్పటికే ఉన్న చేపల జాబితా, ఏ చేప ఎప్పుడు వచ్చిందో ఆ వరుస కూడా అడిగారు. ఆ రోజు నాకు కొంత చిరాకు కలిగిన మాట నిజం. ఆ నాలుగు ప్రశ్నలలోనే రాస్‌ల ఎంపిక అంతా ఉందని తరువాత తెలుసుకున్నాను.

ఇసుక ప్రశ్న ఎందుకంటే, రాస్‌లు నిద్రపోయే తీరును బట్టి రెండు తెగలుగా విడిపోతాయి. ఫెయిరీ రాస్‌లు, ఫ్లాషర్‌లు, సిక్స్‌లైన్ వంటివి రాతి సందుల్లో పడుకుంటాయి. వాటిలో చాలావరకు రాత్రి పూట తమ చుట్టూ పలచని జిగురు పొర అల్లుకుని అందులో ఉంటాయి. హాలికోయిరస్ ప్రజాతివి, లెపర్డ్ రాస్‌లు, కోరిస్‌లు, అనాంప్సిస్‌లు మాత్రం చీకటి పడగానే ఇసుకలో తలదూర్చి పూర్తిగా కప్పుకుపోతాయి, భయపడినా అదే పని చేస్తాయి. వాటికి రెండు నుంచి మూడంగుళాల లోతున మెత్తని ఇసుక కావాలి. గరుకైన పగడపు ముక్కలు పరిచిన తొట్టిలో అవి మూతి, పొట్ట గీరుకుని పుండ్లు తెచ్చుకుంటాయి. నా తొట్టిలో ఉన్నది అంగుళం మందాన గరుకైన ముక్కలే. దానిని మార్చేవరకు ఇసుకలో పడుకునే చేప ఏదీ నాకు అమ్మేది లేదని ఆయన స్పష్టంగా చెప్పారు. సముద్రం ఎదురుగా ఉండగా ఇసుక కొనడమేమిటని మా ఇంట్లోవారు అన్నారు గాని, భీమిలి వైపు మన తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి, ఇల్మెనైట్‌లో ఇనుము ఉంటుంది. అటువంటి ఇసుక పగడాలున్న తొట్టిలోకి పనికిరాదు. చివరికి అరగొనైట్ అనే సున్నపు ఖనిజంతో ఉండే సన్నని ఇసుక తెప్పించి, వారం రోజుల పాటు కొద్దికొద్దిగా పాతది తీస్తూ కొత్తది పరిచాను.

మూత విషయంలో ఆయన ఇచ్చిన సలహా నాకు బాగా నచ్చింది. రాస్‌లన్నీ దూకే చేపలే. తరిమినా, ఉలిక్కిపడినా, ఒక్కోసారి ఏ కారణమూ కనిపించకపోయినా నీటి పైకి ఎగురుతాయి, వేలు పట్టే సందున్నా అందులోంచి బయటపడతాయి. అద్దపు మూత వేస్తే మన ఊరి ఎండలకు నీరు వేడెక్కుతుంది, కొంత వెలుతురు కూడా తగ్గుతుంది. అందుచేత కిటికీలకు దోమతెరలు బిగించేవారి చేత అల్యూమినియం చట్రం చేయించుకుని, దానికి దోమతెర కాకుండా ఆరు మిల్లీమీటర్ల కన్ను ఉన్న రంగులేని నైలాన్ వల బిగించమన్నారు. ఆ వల నాకు చేపల రేవు దగ్గర వలలు అమ్మే దుకాణంలోనే దొరికింది. పైపులు, తీగలు దిగే మూలను కూడా కొలిచి కత్తిరించుకోవాలని, చేపలు సరిగ్గా ఆ మూలనే వెతుక్కుంటాయని ఆయన మరీ మరీ చెప్పారు. మూత బిగించి ఏడాది దాటింది, నేల మీద మళ్లీ చేప కనబడలేదు.

సిక్స్‌లైన్‌ను తీసివేయనిదే ఫ్లాషర్‌ను ఇవ్వనన్నది ఆయన పెట్టిన మరో షరతు. సిక్స్‌లైన్ చెడ్డ చేప అని ఆయన అనలేదు, నేనూ అనను. అది ఇతర నత్తల రసం పీల్చే సన్నని పరాన్నజీవి నత్తలను, పగడాల మీద చేరే చదును పురుగులను ఏరుకుని తింటుంది. పెద్ద తొట్టిలో, తనకంటే బలమైన చేపలు స్థిరపడ్డ తరువాత, అందరికంటే ఆఖరున వదిలితే చాలాచోట్ల సర్దుకుంటుంది. నేను దానిని అందరికంటే ముందు వదిలి తొట్టి అంతా దాని సొంతమనే ధీమా ఇచ్చాను, ఆ తరువాత దానికంటే మెతక చేపను దాని ముందుకు తెచ్చాను. దానిని పట్టడానికి సగం రాళ్లు బయటికి తీయవలసి వచ్చింది. ఆయన దానిని తీసుకుని, డబ్బు ఇవ్వలేదు గాని తరువాతి కొనుగోలులో కొంత తగ్గించారు. తాను అమ్మని చేపను తీసుకునే అవసరం ఆయనకు లేదు కనుక ఆ పని నాకు గుర్తుండిపోయింది.

పొసగడం గురించి ఆయన చెప్పినది, నేను చదివి తెలుసుకున్నది, ఈ ఏడాదిలో చూసినది కలిపి చెబుతాను. రాస్‌లకు తమలాంటి ఆకారం, తమలాంటి రంగు, తమలాగే తిరిగే తీరు ఉన్న చేపే మొదటి శత్రువు. అందువల్ల ఒక హాలికోయిరస్, ఒక ఫెయిరీ, ఒక ఫ్లాషర్ కలిసి ఉండడం, మూడు హాలికోయిరస్‌లు కలిసి ఉండడం కంటే తేలిక. ఒకే జాతిలో రెండు మగవాటిని సాధారణ ఇంటి తొట్టిలో పెట్టకూడదు. వేర్వేరు జాతుల ఫెయిరీ మగవాటిని పెట్టవచ్చు గాని, రంగులో, సైజులో తేడా ఉండాలి, వీలైతే ఒకే రోజు వదలాలి. రాస్‌లు చాలావరకు ఆడవిగా మొదలై అవసరాన్ని బట్టి మగవిగా మారే చేపలు. పెద్ద మగది లేని గుంపులో పెద్ద ఆడది కొద్ది వారాల్లోనే ఆ స్థానంలోకి వస్తుంది. కనుక రెండు ఆడ చేపలు కొన్నామన్న ధీమా కలకాలం నిలవదు. మెత్తని చేపను ముందు, గట్టి చేపను తరువాత వదలాలన్న వరుసను మాత్రం ఎంత చిన్న తొట్టిలోనైనా తప్పకూడదు.

ఈ లెక్క ప్రకారం ఆయన నా తొట్టికి సూచించిన వరుస ఇది. ముందు మెకాస్కర్ ఫ్లాషర్ మగది ఒకటి, ఆడవి రెండు. నెల రోజుల తరువాత పసుపు రంగు కెనరీ రాస్, అంటే హాలికోయిరస్ క్రైసస్. ఆఖరున ఎక్స్‌క్విజిట్ ఫెయిరీ రాస్. నేను మెలనూరస్ రాస్ అడిగాను. అది అందమైనదే, పురుగులను బాగా ఏరుతుంది కూడా, కాని పెద్దదయ్యాక నా దగ్గరున్న చిన్న రొయ్యల మీద కన్నేయవచ్చని, కెనరీ అంతకంటే నెమ్మదస్తురాలని చెప్పి ఆయన కెనరీకే ఒప్పించారు. ఫ్లాషర్ ఆడవాటి విషయంలో ఆయన నిజాయితీని ప్రత్యేకంగా ప్రస్తావించాలి. ఫ్లాషర్ జాతుల ఆడ చేపలు ఒకదానిని పోలి ఒకటి ఉంటాయి. పెట్టె మీద మెకాస్కర్ అని రాసి వచ్చాయి గాని అవి కచ్చితంగా అవేనని తాను చెప్పలేనని ఆయన ముందే అన్నారు. అమ్మకం పోయినా పరవాలేదనుకున్నవారే అలా అనగలరు.

ఆయన దగ్గరికి చేపలు చెన్నై మీదుగా, ఆక్సిజన్ నింపిన సంచులలో, థర్మాకోల్ పెట్టెలలో వస్తాయి. వచ్చిన రోజున ఏ చేపనూ అమ్మరు. నెల రోజుల పాటు విడిగా ఉంచి, మేత తింటున్నదని కళ్లారా చూపించిన తరువాతనే ఇస్తారు. ఆ గదిలో నేను చూసిన ఒక దృశ్యం మరువలేనిది. విడి తొట్టెల్లో అడుగున ఇసుక పరచరు, శుభ్రం చేయడం కష్టమని. కాని ఇసుకలో పడుకునే చేపలున్న ప్రతి తొట్టిలోనూ మనం పిండి కలుపుకునే గిన్నెంత ప్లాస్టిక్ గిన్నె నిండా సన్నని ఇసుక పోసి పెట్టారు. ఉదయం దీపాలు వెలిగిన కొద్దిసేపటికి ఒక గిన్నెలో ఇసుక గింజలు నాలుగైదు కదిలాయి. ముందు ఒక కన్ను బయటపడింది. చాలాసేపు అదొక్కటే అటూ ఇటూ తిరిగింది. తరువాత పసుపు పూసినట్టున్న తల, ఆపై ఒక్క ఊపులో ఒళ్లంతా బయటికి వచ్చింది, వీపు మీదినుంచి ఇసుక రాలుతుండగానే అది మేత కోసం పైకి ఈదింది. ఆ గిన్నె లేని చోట ఇటువంటి చేప రాత్రంతా అద్దానికి, మూలలకు కొట్టుకుంటూ బెదిరిపోతుంది. నేను ఇంతకు ముందు చూసిన ఏ దుకాణంలోనూ అటువంటి గిన్నె లేదు.

ఇంటికి తెచ్చాక ఏం చేయాలో కూడా ఆయనే చెబుతారు. రంధ్రాలున్న అక్రిలిక్ పెట్టెను అద్దెకు ఇస్తారు. కొత్త చేపను అందులో ఉంచి తొట్టిలోనే వేలాడదీస్తే పాత చేపలు నాలుగైదు రోజులు దాని చుట్టూ తిరిగి, పెట్టెను ముక్కుతో పొడిచి, చివరికి విసుగెత్తి వదిలేస్తాయి. ఫెయిరీ రాస్ వచ్చినప్పుడు మా ఫ్లాషర్ మగది రెండు రోజులు ఆ పెట్టె ముందు నుంచి కదలలేదు, మూడో రోజుకు తన పని తాను చూసుకుంది. కెనరీని పెట్టెలో నుంచి వదిలిన మధ్యాహ్నమే అది ఇసుకలోకి దూరి మూడు రోజులు కనబడలేదు. చచ్చిపోయిందేమోనని ఇసుక తవ్వబోయాను. తవ్వవద్దని, వారం వరకు ఎదురుచూడమని ఆయన గట్టిగా వారించారు. నాలుగో ఉదయం అది తనంతట తానే బయటికి వచ్చి ఈదుతూ కనిపించింది.

మేత గురించి ఒక్క మాట. రాస్‌లకు జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. ఒకసారి కడుపు నిండా పెట్టి ఊరుకుంటే అవి క్రమంగా చిక్కిపోతాయి. రోజుకు మూడు పూటలు కొద్దికొద్దిగా పెట్టాలి. నేను బ్యాంకులో ఉండే వేళ మధ్యాహ్నపు మేత మా అత్తయ్యగారు వేస్తారు. గడ్డకట్టించిన మైసిస్ రొయ్యల ముక్కను గిన్నెలో కరిగించి, చెంచాతో ఆవిడ తొట్టి ముందుకు రాగానే కెనరీ ఎదురు వస్తుంది.

ఆయన అమ్మడానికి నిరాకరించే చేపల జాబితాకు కూడా మార్కులు వేయాలి. ఎర్ర కోరిస్ పిల్లను ఆయన గదిలో నేనెప్పుడూ చూడలేదు. నారింజ ఒంటి మీద నల్లంచు తెల్ల మచ్చలతో బొమ్మలా ఉండే ఆ పిల్ల ఒకటిన్నర అడుగుకు చేరువగా పెరిగి, రాళ్లు దొర్లించి, నత్తలను, రొయ్యలను తినే చేపగా మారుతుంది. మూన్ రాస్ దాదాపు పది అంగుళాలు పెరిగే గట్టి చేప, చిన్న చేపలున్న తొట్టికి కాదు. ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులను తిని బతికే క్లీనర్ రాస్‌ను కూడా ఆయన తెప్పించరు. ఇంటి తొట్టిలో దానికి ఆ మేత చాలినంత దొరకదు, ఎక్కువ భాగం పస్తులతో పోతాయి. అద్దంలో తన ప్రతిబింబాన్ని గుర్తించే ప్రవర్తన చూపిందని 2019లో జపాన్ శాస్త్రవేత్తల బృందం ప్రచురించిన చేప అదే. పగడపు దిబ్బ మీద దానికున్న పని విలువైనది, అక్కడే ఉండనివ్వాలన్న ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అలాగే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూల్‌లో ఉన్న గట్టి పగడాలను ఎవరైనా మన సముద్రం నుంచి తీసి తెస్తామంటే గుమ్మంలోంచే పంపించివేస్తారు.

ఇక లోపాలు. పోయిన ఆ ఒక్కటి లెపర్డ్ రాస్ ఆడది. నారింజ ఒంటి నిండా తెల్లని చుక్కలున్న ఆ చేపను నేనే పట్టుబట్టి కొన్నాను. లెపర్డ్‌లు రోజంతా రాళ్ల మీద, ఇసుకలో చిన్నచిన్న జీవులను ఏరుకుని తింటాయి. ఏడాది దాటిన, జీవం నిండిన తొట్టి వాటికి కావాలి. అప్పటికి నా తొట్టికి ఏడాది నిండినా, కొత్త ఇసుక పరిచి నాలుగు నెలలే అయింది. ఆయనకు ఆ సంగతి తెలుసు. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి ఆ ఒక్కసారి నా ఒత్తిడికి లొంగకుండా ఉండవలసింది. అది ఆయన గదిలో మైసిస్ తిన్నది, నా తొట్టిలో మూడు వారాలకు చిక్కిపోయి వెన్ను కుంగి, ఒక ఉదయం ఇసుకలో నుంచి లేవలేదు. అడగకుండానే సగం ధర తిరిగి ఇచ్చారు, అది వేరే విషయం.

ధరలు ఎక్కువ. ఒక్కో చేపకు బయటికంటే 800 నుంచి 1,500 రూపాయల వరకు అదనంగా ఇచ్చాను. నెల రోజుల మేత, మందులు, కరెంటు అందులో ఉన్నాయి కనుక ఆ ధర న్యాయమేనని నా అభిప్రాయం, కాని అందరికీ భరించదగ్గది కాదు. పగలు ఫోన్ ఎత్తరు. ఏప్రిల్‌లో ఒకసారి మిట్టమధ్యాహ్నం బండి మీద చేపను పంపారు. సంచిలోని నీరు మా ఇంటికి చేరేసరికి 31 డిగ్రీలుంది, తొట్టిలో 26. సంచి చుట్టూ చల్లని ప్యాకెట్ పెట్టలేదు. చుక్కచుక్కగా నీరు కలుపుతూ గంటన్నర కూర్చుని దానిని దక్కించుకున్నాను. వేసవిలో పంపిణీ ఉదయం ఏడు లోపే చేయాలని ఆయనకు చెప్పాను, ఆ తరువాత అలాగే చేస్తున్నారు. చెప్పే సలహాలన్నీ నోటి మాటలే కావడం మరో లోటు. ఈ వరుసలు, కొలతలు ఒక కాగితం మీద తెలుగులో రాసి చేపతో పాటు ఇస్తే కొత్తవారికి ఎంతో మేలు.

సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో, దీపాలు మందగించే ముందు, ఫ్లాషర్ మగది తొట్టి మధ్యకు వస్తుంది. అంతవరకు మడిచి ఉంచిన రెక్కలన్నీ ఒక్కసారిగా విప్పుతుంది. ఎరుపు రంగు ముదురుతుంది, పక్కన నీలిగీతలు వెలిగి ఆరినట్టవుతాయి, ఆడవాటి ముందు నుంచి బాణంలా దూసుకుపోయి తిరిగి వస్తుంది. రెండు మూడు సెకన్లకు మించి ఉండదు, పది పదిహేను సార్లు చేస్తుంది. ఆడవి, పోటీ మగవి కంటికి ఆనని చోట ఇటువంటి మగవాటి రంగు క్రమంగా వెలిసిపోతుందని ఆయన చెప్పినందుకే మూడింటిని కలిపి కొన్నాను. ఫెయిరీ రాస్ పై నీటిలో తన దారిన తిరుగుతుంది, కెనరీ కింద ఇసుక దగ్గర ఏరుకుంటుంది. పద్నాలుగు నెలల్లో వాటిలో ఒకదాని రెక్క చిరగడం నేను చూడలేదు.

ఐదు నక్షత్రాలకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర లెపర్డ్ వల్ల తగ్గింది. పోయిన వారం లబ్బక్ ఫెయిరీ రాస్ ఒకటి కావాలని అడిగాను. ఎక్స్‌క్విజిట్ మగది ఇప్పుడు ఎంత పొడవుందో స్కేలు పక్కన పెట్టి ఫొటో పంపమన్నారు. అది అద్దం దగ్గరికి వచ్చి నిలబడదు కనుక ఇంకా పంపలేకపోయాను, ఆయన ఇంకా సరేననలేదు.